శెనక్కాయ పండించే ఇంట్లో పామాయిల్ ప్యాకెట్

(మండల రైతు సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభకు పిలవడానికి పోయిన పదిరోజులు మేము ఊరూరూ తిరిగాం. పోయిన ప్రతి ఇంట్లోనూ ఒకే మాట అడిగాం: "ఈ పొద్దు కూరలోకి ఏ నూనె వేశారు?" కొందరు నవ్వారు. సంఘమోళ్లు కరెంటు గురించి, ఇన్సూరెన్సు గురించి అడుగుతారు గానీ వంటింటి సంగతి మీకెందుకప్పా అన్నారు. మేము అడిగినవన్నీ దాదాపు శెనక్కాయ పండించే ఇళ్లే. ఎక్కువ మంది చూపించింది మాత్రం పామాయిల్ ప్యాకెట్, లేదంటే పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్.

ఒక అవ్వ ఇంట్లో పడసాలలో విత్తనానికి దాచిన కాయల మూటలు గోడకు ఆనించి ఉన్నాయి. వాటి మీదే ప్యాకెట్ పెట్టి ఉంది. "ఇన్ని కాయలు పెట్టుకుని ఇదేందవ్వా?" అంటే ఆమె చెప్పింది: "గానుగ ఆడించల్లంటే టౌనుకు పోవల్ల. ఆటో బాడుగ, ఆడించిన కూలి కలిపితే ప్యాకెట్టే అగ్గువ నాయనా. ఆ కాయ అమ్మితేనే గదా ఈ ప్యాకెట్ కొనేది."

ఆ అవ్వ మాటలో తప్పేమీ లేదు. ఆమె లెక్క సరైన లెక్క. కాయ పండించేవాడికే తన నూనె కంటే పరాయి నూనె అగ్గువ ఎట్లయింది? ఆ తేడా ఎవరు పెట్టారు? దాని వల్ల ఎవరి పని పోయింది? ఈ మూడు సంగతులే ఈ పొద్దు మనం మాట్లాడుకుందాం.

మన కాయ ఎన్ని చేతులకు పని పెట్టేది

చిన్నపిల్లలు కూడా వచ్చారు కాబట్టి వెనకటి సంగతి కాస్త చెప్పాలి. ఒకప్పుడు మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఇరవై లక్షల ఎకరాల దాకా శెనక్కాయ వేసేవాళ్లం. దేశంలో ఒకే జిల్లాలో ఇంత శెనక్కాయ ఇంకెక్కడా లేదు. వానొస్తే పంట, రాకుంటే ఎండ. అయినా ఆ పంట చుట్టూనే ఊరు బతికేది.

విత్తనం వేయకముందే పని మొదలయ్యేది. నెలరోజుల ముందు నుంచే ఆడోళ్లు అరుగుల మీద కూచుని విత్తనకాయలు ఒలిచేవాళ్లు. ముసలివాళ్లకు కూడా అదొక ఆదరువు. ఆ తర్వాత గొర్రు తోలేవాళ్లు, గుంటక పాసేవాళ్లు, కలుపు తీసేవాళ్లు. పంట పండితే కట్టె పీకడం, కుప్ప వేయడం, కాయ విడిపించడం. అక్కడి నుంచి మూటలు మోసే హమాలీలు, బండ్లవాళ్లు, ట్రాక్టర్లవాళ్లు. మార్కెట్ యార్డులో తూకం వేసేవాళ్లు. మిల్లులో కాయ కొట్టే మిషను దగ్గర కొందరు, విత్తనాలు చెరిగే ఆడోళ్లు కొందరు, నూనె తీసే కాడ కొందరు, డబ్బాలకు మూత బిగించేవాళ్లు కొందరు. చెక్క పాడి గేదెలకు పోయేది. కట్టె ఎద్దులకు పోయేది. పొట్టు ఇటుకల బట్టీకి పోయేది. కాయలో పారేసేది ఏదీ లేదు.

ఒక మూట కాయ ఊరు దాటి నూనె డబ్బా అయ్యేలోపల ఎన్ని ఇళ్లల్లో పొయ్యి వెలిగించేదో లెక్కేసుకోండి. అదే నూనె ఓడలో వస్తే ఏమవుతుంది? కాకినాడలోనో కృష్ణపట్నంలోనో ఓడ ఆగుతుంది. పైపుల్లో నూనె ట్యాంకుల్లోకి పోతుంది. పక్కనే ఉన్న రిఫైనరీలో శుద్ధి అవుతుంది. ప్యాకెట్ అయి లారీ ఎక్కుతుంది. అక్కడా మనుషులు పని చేస్తున్నారు, కాదనం. వాళ్లూ మన బిడ్డలే. కానీ విత్తనం ఒలిచే పని లేదు, కలుపు తీసే పని లేదు, కాయ కొట్టే పని లేదు. గేదెకు చెక్క రాదు, ఎద్దుకు కట్టె రాదు. ఆ పనులన్నీ ఇండోనేషియాలోనో మలేషియాలోనో అయిపోయి వచ్చాయి. ఆ కూలి అక్కడే పంచారు. మన దగ్గరికి వచ్చేది ఆఖరి పని ఒక్కటే.

దిగుమతి అంటే సరుకు ఒక్కటే వస్తుందనుకుంటాం. నిజానికి అక్కడి వాళ్ల పని మనకు అమ్ముడుపోతుంది, ఇక్కడి మన పని ఆగిపోతుంది. దేశానికి ఆ సరుకు నిజంగా లేనప్పుడు తెచ్చుకోవడం అవసరం. మనం పండించగలిగినదాన్ని, పండించేవాడికి ధర పడగొట్టి తెచ్చుకోవడం వేరే సంగతి.

ఒకసారి గెలిచాం, ఆ తర్వాత వదిలేశాం

మన దేశం నూనె పండించలేదు, మన భూములు చాలవు అని కొందరు పెద్దవాళ్లు చెప్తుంటారు. దీనికి జవాబు మన చరిత్రలోనే ఉంది.

1980ల నడుమ కూడా దేశం నూనె కోసం బయటి దేశాల మీద బాగా ఆధారపడి ఉండేది. 1986లో కేంద్ర ప్రభుత్వం నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టింది. మంచి విత్తనం, సలహా, అప్పు, అన్నిటికంటే ముఖ్యంగా ధర, ఇవన్నీ ఒక చోటికి తెచ్చారు. పాల సహకార సంఘాలు నడిపిన జాతీయ పాడి అభివృద్ధి బోర్డుకు, అంటే కురియన్ గారి సంస్థకు, నూనె మార్కెట్‌లో దిగమని బాధ్యత ఇచ్చారు. 1988లో వాళ్లు ధార నూనె తెచ్చారు. మన రాష్ట్రంలో ఆయిల్‌ఫెడ్ విజయ నూనె అమ్మింది. నూనె ధర ఒక హద్దు కిందికి పడితే బోర్డు కొనేది, ఒక హద్దు పైకి పోతే తన దగ్గరి సరుకు బయటికి తీసేది. రైతుకూ మునక లేదు, కొనేవాళ్లకూ మంట లేదు.

ఫలితం ఏమయింది? 1985-86లో సుమారు 108 లక్షల టన్నులున్న నూనెగింజల పంట 1996-97 నాటికి 240 లక్షల టన్నులు దాటింది. 1990ల మొదట్లో దేశం వాడే నూనెలో నూటికి 95 పాళ్లకు పైగా దేశంలోనే తయారయింది. పదేళ్లు తిరగకుండానే సాధించాం. భూమి అదే, వాన అదే, రైతు అదే. మారింది విధానం ఒక్కటే.

ఆ తర్వాత ఏం చేశారు? 1994లో ఎవరైనా పామోలిన్ నూనె తెచ్చుకోవచ్చు అని గేటు తెరిచారు. మొదట 65 శాతం సుంకం పెట్టారు. 1995లో మిగతా నూనెలకూ గేటు తెరిచి సుంకం 30 శాతం చేశారు. తర్వాత 20 అయింది. 1998కి 15 అయింది. గేటు తెరిచిన నాలుగేళ్లలో కట్ట తెగిన చెరువు మాదిరి అయింది.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో మేము వయసులో ఉన్నాం, సంఘంలో తిరుగుతున్నాం. కరువు సాయం కోసం ధర్నా చేశాం. విత్తనకాయ కోసం ధర్నా చేశాం. ఇన్సూరెన్సు కోసం ఎమ్మార్వో ఆఫీసు ముందర పడుకున్నాం. సుంకం 65 నుంచి 15కు దిగినప్పుడు మాత్రం ఒక్క జెండా ఎత్తలేదు. సుంకం అంటే ఓడల వాళ్ల సంగతి, మన సంగతి కాదనుకున్నాం. మన ధర తెగేది ఆ కాగితం మీదేనని అర్థమయ్యేసరికి ఊళ్లో మిల్లు మూతపడింది.

ఈ పొద్దు లెక్క చూడండి. దేశం వాడే నూనెలో నూటికి 55 పాళ్లకు పైగా బయటి నుంచే వస్తోంది. 2024-25 నూనె సంవత్సరంలో సుమారు 160 లక్షల టన్నులు తెచ్చుకున్నాం. ఏటా లక్ష కోట్ల రూపాయలు దాటి దేశం బయటికి పోతోంది. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి. సోయా నూనె అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి. పొద్దుతిరుగుడు నూనె రష్యా, ఉక్రెయిన్, అర్జెంటీనాల నుంచి.

మూట లెక్క

మద్దతు ధర ఉంది కదా, ఇంక దిగుమతితో మనకేం సంబంధం అని ఒక యువరైతు అడిగాడు. మంచి ప్రశ్న. కాగితం తీసుకుని లెక్క వేద్దాం.

2025-26కు వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. వంద కిలోల మంచి కాయ కొడితే 70 కిలోల విత్తనాలు వస్తాయి. మిల్లులో ఆడిస్తే 29 కిలోల దాకా నూనె, 40 కిలోల దాకా చెక్క వస్తుంది. చెక్క కిలో 35 రూపాయలకు పోయిందనుకుందాం. చెక్క మీద 1,400 వచ్చింది. మిగిలిన 5,863 రూపాయలు నూనె మీద రావాలి. 29తో భాగిస్తే కిలో నూనె 202 రూపాయలు పడుతుంది. ఇంకా హమాలీ, కరెంటు, డబ్బా, లారీ బాడుగ, అప్పు మీద వడ్డీ, మిల్లు మనిషి మిగులు ఏమీ కలపలేదు.

అంటే మనకు మద్దతు ధర పూర్తిగా దక్కాలంటే అంగట్లో శెనగ నూనె 200 పైనే అమ్ముడుపోవాలి. పక్కన పామాయిల్ ప్యాకెట్ 130కి దొరుకుతుంటే ఏమవుతుంది? బోండాల బండివాడు పామాయిల్‌కు పోతాడు. మిక్చరు తయారుచేసేవాడు పోతాడు. హోటలువాడు పోతాడు. ఆఖరికి ఆ అవ్వ కూడా పోతుంది. అప్పుడు మిల్లు మనిషి నూనె ధర దించుతాడు. నూనె ధర దించాలంటే కాయ ధర దించాలి. ఆ దించుడు వరుసగా కిందికి వచ్చి వచ్చి మన మూట మీద పడుతుంది. యార్డులో "కాయలో తేమ ఉంది, గింజ సన్నంగా ఉంది" అంటారు. తేమ ఉండొచ్చు, లేకపోవచ్చు. అసలు సంగతి రేవులో దిగిన నూనె ధర.

మా ఊరి మిల్లు సంగతి చెప్తాం. చిన్న మిల్లే. సీజన్‌లో రెండు షిఫ్టులు నడిచేది. ఒక ఏడు మిల్లాయన మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు: "మీ కాయ కొని ఆడిస్తే నాకు బ్యాంకు వడ్డీ కూడా రాదు. ట్యాంకరు నూనె తెప్పించి ప్యాకెట్లు కడితే రోజు గడుస్తుంది." మరుసటేడు కాయ కొట్టే మిషను పాత ఇనుము కింద అమ్మేశాడు. ప్యాకెట్ల మిషను తెచ్చాడు. అక్కడ విత్తనాలు చెరిగిన ఆడోళ్లలో చాలామంది ఇప్పుడు బెంగళూరులో కట్టడాల కాడ ఇటుకలు మోస్తున్నారు. మిల్లాయన మీద మాకు కోపం లేదు. ఆయన కూడా మన మాదిరే లెక్క చూసుకున్నాడు. ఆ లెక్కను అట్లా తయారుచేసిన విధానం మీదే మన కోపం.

ఢిల్లీలో ఒక కాగితం

ఇప్పుడు ఈమధ్య జరిగింది చూద్దాం. 2024 సెప్టెంబరు 14న కేంద్రం ముడి నూనెల మీద మూల సుంకం సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. సెస్సు, సర్‌చార్జి కలిపితే 27.5 శాతం. రైతుకు మేలు అన్నారు. మనం కూడా సంతోషించాం. 2025 మే 30న, మనం ఖరీఫ్‌కు విత్తనం సిద్ధం చేసుకుంటున్న సమయానికి, మూల సుంకం 10కి తగ్గించారు. అన్నీ కలిపి 16.5 శాతం. అంటే రేవులో 100 రూపాయల నూనె మీద ఒక్కసారిగా 11 రూపాయలు తగ్గింది. అదే సీజన్‌కు మద్దతు ధర పెంచామని ప్రకటించింది కూడా ఆ ప్రభుత్వమే. ఒక చేత్తో ధర పెంచి, ఇంకో చేత్తో ఆ ధర దక్కకుండా చేస్తే దాన్ని ఏమనాలి?

ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి: సుంకం మార్చడానికి పార్లమెంటులో చర్చ అక్కరలేదు. ఒక నోటిఫికేషన్ చాలు. మనం విత్తేటప్పుడు ఒక సుంకం, కాయ పీకేటప్పుడు ఇంకో సుంకం. వానను నమ్మలేం, సరే. ప్రభుత్వాన్నీ నమ్మలేకపోతే రైతు దేన్ని చూసి విత్తాలి?

ప్రపంచ వాణిజ్య ఒప్పందాలు మా చేతులు కట్టేశాయి అని పెద్దలు చెప్తారు. అదీ చూద్దాం. సోయా నూనె మీద 45 శాతం కంటే ఎక్కువ వేయకూడదని మన దేశం ఒప్పుకుంది. అది నిజం. కానీ పామాయిల్ మీద ఆ ఒప్పందంలో హద్దు 300 శాతం. ఆగ్నేయాసియా దేశాలతో 2009లో చేసుకున్న ఒప్పందంలో ఆ హద్దును మనమే దించుకున్నాం: ముడి పామాయిల్‌కు 37.5, శుద్ధి చేసినదానికి 45. అయినా ఇప్పుడున్న 16.5కీ 37.5కీ ఎంత దూరం ఉందో చూడండి. చేతులు కట్టేసిందెవరూ లేరు. ఉన్న హక్కును వాడుకోవడం లేదు. నేపాల్ మీదుగా సుంకం లేకుండా వచ్చే నూనె ఇంకొకటి. అక్కడ నూనెగింజల పంట అంత లేదు. బయటి నుంచి తెచ్చుకుని, శుద్ధి చేసి, మన వైపు పంపుతున్నారు. ఆ దారి కూడా మూయాలి.

ఇండోనేషియాను చూసి నేర్చుకోవాల్సింది ఉంది. 2022 ఏప్రిల్‌లో తమ దేశంలో నూనె ధర పెరిగిందని ఆ ప్రభుత్వం పామాయిల్ ఎగుమతిని నిలిపేసింది. మూడు వారాలకు పైగా ఒక్క ఓడ కదలలేదు. అప్పటికే ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె ఆగింది. మన ఊళ్లో ప్యాకెట్ ధర ఎంతకు పోయిందో మీకు తెలుసు. అగ్గువ నూనె ఎప్పటికీ అగ్గువగా ఉండదు. మన మిల్లు మూతపడ్డాక, మన కాయ తగ్గాక ధర ఎంత చెప్తే అంత. 2025 సెప్టెంబరులో అదే ఇండోనేషియా మన వేరుశనగలో బూజు విషం, అంటే అఫ్లటాక్సిన్, ఎక్కువగా ఉందని దిగుమతిని తాత్కాలికంగా ఆపింది. వాళ్ల జనం ఆరోగ్యం వాళ్లు చూసుకున్నారు, అందులో తప్పు పట్టం. కాయ బాగా ఆరబెట్టే బాధ్యత మనదే. కానీ వాళ్లు తమ జనాన్ని ఎట్లా కాచుకుంటున్నారో చూడండి. మనవాళ్లు అట్లా ఎందుకు చూడరన్నదే మన ప్రశ్న.

గోదావరి రైతూ మన మనిషే

దేశంలోనే పామాయిల్ పండిద్దాం, దిగుమతి తగ్గిద్దాం అని 2021లో కేంద్రం 11,040 కోట్లతో ఆయిల్‌పామ్ మిషన్ పెట్టింది. ఏలూరు, గోదావరి జిల్లాల్లో, ఖమ్మం వైపు అశ్వారావుపేటలో మన తెలుగు రైతులు ముప్పై ఏళ్లుగా ఆ తోటలు పెంచుతున్నారు. నీళ్లున్న చోట అది పండుతుంది. మన మెట్ట భూములకు అది పంట కాదు.

కానీ వాళ్ల కష్టమూ మన కష్టమూ ఒకటే. గెలల ధర అంతర్జాతీయ పామాయిల్ ధరతో ముడిపడి ఉంది. 2022 ఎండాకాలంలో టన్ను గెలలు 20 వేలు దాటాయి. మరుసటేడు 13 వేల దగ్గరికి పడ్డాయి. అదే తోట, అదే రైతు, అదే ఎరువు. ధర మారింది జకార్తాలో, సుంకం మారింది ఢిల్లీలో. తోట పెట్టి మూడు నాలుగేళ్లు కాపు కోసం చూసిన రైతు ఆ ధరకు తోటలు నరుక్కోవాలా? కాబట్టి మెట్ట రైతు, తోట రైతు అని తేడా లేకుండా సుంకం విషయంలో మనం ఒకే మాట మీద నిలబడాలి.

పత్తి రైతులూ వచ్చారు. 2025 ఆగస్టు 19 నుంచి పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేశారు. మొదట సెప్టెంబరు ఆఖరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు ఆఖరు దాకా పొడిగించారు. మన పత్తి మార్కెట్‌కు వచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే. నల్లరేగడిలో పప్పుశనగ వేసేవాళ్లకూ ఇదే జరిగింది. 2023 డిసెంబరులో పసుపు బఠానీ మీద సుంకం తీసేశారు. బఠానీ పిండి శనగపిండిలో కలిసింది, శనగ ధర మీద దెబ్బ పడింది. పంట పేరు మారుతుంది గానీ కథ మారదు.

తినేవాళ్ల మాట

ఒక మాట నిజాయితీగా మాట్లాడుకోవాలి. సుంకం పెంచితే నూనె ధర పెరగదా? కూలి చేసుకుని బతికే తల్లి ఏం కావాలి? ఈ ప్రశ్న పక్కన పెట్టి మాట్లాడితే మనం సగం మనుషుల తరఫున మాట్లాడినట్టే. ఈ సభలో సగం మంది కొనుక్కుని తినేవాళ్లే.

దీనికి దారి ఉంది. 2013లో అమ్మహస్తం కింద రేషన్ షాపులో లీటరు పామాయిల్ 40 రూపాయలకు ఇచ్చారు. అంతకుముందూ ఇచ్చారు. పేదవాళ్లకు నూనె అగ్గువగా ఇవ్వడం మంచి పనే. మా ప్రశ్న ఒక్కటే: ఆ సబ్సిడీ పెట్టి కొన్నది ఎక్కడి నూనె? అదే డబ్బుతో మన కాయ మద్దతు ధరకు కొని, మన మిల్లుల్లో ఆడించి, రేషన్ షాపుకు, బడి అన్నానికి, అంగన్‌వాడీకి, హాస్టళ్లకు ఇస్తే పేదవాళ్లకు నూనె అందుతుంది, రైతుకు ధర అందుతుంది, మిల్లులో పని అందుతుంది. పెట్టిన రూపాయి జిల్లా దాటకుండా మూడు చేతులు తిరుగుతుంది. సుంకం మీద వచ్చే ఆదాయం కూడా ప్రభుత్వానికే కదా పోయేది. అందులో కొంత దీనికి పెట్టమంటున్నాం.

ఇంకో నిజం కూడా చెప్పాలి. మన శెనక్కాయ తగ్గడానికి దిగుమతి ఒక్కటే కారణం అనడం లేదు. వాన మోసం చేసింది. 2000లో కాండం కుళ్లు వైరస్ వచ్చి జిల్లా అంతా చేలు మాడిపోయాయి. విత్తనం ఖర్చు పెరిగింది, కూలి పెరిగింది. ఒకే పంట మీద పడి భూమిని పీల్చేశాం, కంది, కొర్ర, జొన్న కలిపి వేయడం మానేశాం. ఇవన్నీ నిజాలే. కానీ వాన లేని ఏడు నష్టం వస్తే ఓర్చుకుంటాం. వాన పడి, పంట పండి, మూట యార్డుకు చేర్చిన ఏడు కూడా నష్టం వస్తే, ఆ నష్టం దేవుడు చేసింది కాదు.

పోయిన సీజన్‌లో మా ఊరి నుంచి ఆరు ట్రాక్టర్లు యార్డుకు పోయాయి. క్వింటాలు 5 వేల చిల్లరకు అడిగారు. కొనుగోలు కేంద్రం ఎప్పుడు తెరుస్తారని అడిగితే "పై నుంచి ఆర్డరు రాలేదు" అన్నారు. రెండు ట్రాక్టర్లు తిరిగి తెచ్చుకున్నాం. నాలుగు అక్కడే అమ్మేశారు. వాళ్లకు పెళ్లి ఒకరింట్లో, ఆసుపత్రి ఒకరింట్లో, మిగిలిన ఇద్దరికీ బంగారం బ్యాంకులో. ఆర్డరు వచ్చేసరికి అమ్ముకోవాల్సిన వాళ్లంతా అమ్మేసుకున్నారు.

మనం అడిగేది, మనం చేసేది

ఈ సభ ముందు సంఘం తరఫున ఈ తీర్మానాలు పెడుతున్నాం. చర్చించి, మార్చాల్సినవి మార్చి, చేతులెత్తి ఆమోదించండి.

ఒకటి. నూనెల దిగుమతి సుంకాన్ని మద్దతు ధరతో ముడిపెట్టాలి. దిగుమతి నూనె ధర పడితే సుంకం తనంతట పెరగాలి, ధర మండితే తగ్గాలి. 1989లో పాడి అభివృద్ధి బోర్డు నడిపిన హద్దుల పద్ధతి మళ్లీ రావాలి. ఇది కొత్త కోరిక కాదు, ఒకసారి చేసి చూపించిందే.

రెండు. విత్తిన నాటి నుంచి పంట అమ్ముకునే దాకా, అంటే జూన్ నుంచి జనవరి దాకా, సుంకం తగ్గించకూడదు.

మూడు. కాయ పీకడానికి ముందే కొనుగోలు కేంద్రం తెరవాలి. కేంద్ర పథకం కింద రాష్ట్ర పంటలో 25 శాతం దాకే కొంటామన్న హద్దు నూనెగింజలకు ఎత్తేయాలి. కౌలు రైతు పేరు మీద కూడా కొనాలి.

నాలుగు. రేషన్, బడి, అంగన్‌వాడీ, హాస్టళ్లలో మన వేరుశనగ నూనె వాడాలి. మూతపడిన చిన్న మిల్లులను రైతు సహకార సంఘాలు, మహిళా సంఘాలు నడుపుకోవడానికి అప్పు, కరెంటు రాయితీ ఇవ్వాలి.

ఐదు. కల్తీ మీద గట్టి తనిఖీ ఉండాలి. శెనగ నూనె అని రాసి పామాయిల్ కలిపి అమ్మేవాళ్ల వల్ల కొనేవాళ్లూ మోసపోతున్నారు, మనమూ మోసపోతున్నాం.

ఇవి ప్రభుత్వాన్ని అడిగేవి. మనం చేయాల్సినవి కూడా ఉన్నాయి. ఇన్నాళ్లూ ఎమ్మార్వో ఆఫీసు ముందర కూర్చున్నాం. సుంకం ఎమ్మార్వో చేతిలో లేదు. రాష్ట్రం చేతిలో కూడా లేదు. మన ఎంపీ ఇంటి ముందర కూర్చోవాలి. "సుంకం తగ్గించినప్పుడు మీరు ఏం మాట్లాడారు?" అని అడగాలి. ఏ పార్టీ అయినా సరే, ఇదే ప్రశ్న.

రెండోది, ప్రతి ఊళ్లో సంఘం కమిటీ ఒక పుస్తకం పెట్టాలి. ఏ తేదీన ఎవరు ఎన్ని మూటలు ఎంతకు అమ్మారు, ఆ రోజు మద్దతు ధర ఎంత, అంగట్లో నూనె ప్యాకెట్ ఎంత. మూడు వరుసలు చాలు. ఆఫీసర్ల ముందర, ఎంపీ ముందర మాటలు తేలిపోతాయి. లెక్క తేలిపోదు.

మూడోది, మా మండల కమిటీ ఒక గానుగ పెట్టడానికి ఆలోచన చేస్తోంది. ఎవరి కాయ వాళ్లు తెచ్చుకుని ఆడించుకోవచ్చు, చెక్క వాళ్లకే. దీంతో దేశ విధానం మారిపోతుందని మేము అనుకోవడం లేదు. కానీ ఆ అవ్వకు టౌనుకు పోయే ఆటో బాడుగ తప్పుతుంది. చేతనైన వాళ్లు తలా కొంత వాటా వేయండి. లెక్క నెల నెలా బోర్డు మీద రాసి పెడతాం.

చివరగా ఒక్క మాట. బయటి దేశాల రైతుల మీద మనకు పగ లేదు. అక్కడ పామ్ గెలలు కోసే కూలీ కూడా మన మాదిరే ఎండలో ఒంగి పని చేసేవాడే. మన కొట్లాట అతనితో కాదు. మన పంట ధర మనకు తెలియకుండా, మనల్ని అడగకుండా నిర్ణయమయ్యే పద్ధతితో. ముప్పై ఏళ్ల కింద సుంకం దించినప్పుడు మేము మౌనంగా ఉన్నాం. ఆ మౌనానికి మా పిల్లలు బెంగళూరులో ఇటుకలు మోస్తున్నారు. ఈసారి కాగితం కదిలినప్పుడు మనం కూడా కదులుదాం.

ఈ పొద్దు ఇంటికి పోయాక మీ వంటింట్లో ప్యాకెట్ తీసి, దాని మీద ఏం రాసి ఉందో మీ పిల్లల చేత చదివించండి. మిగతా సంగతి వాళ్లే అడుగుతారు.